గీసినవారి గడి

ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి నేను మొదటిసారి నలుగురిలో మాట్లాడింది అమీర్‌పేటలో, ఒక చిన్న పఠనాలయంలో. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. చదువు, ఉద్యోగం, ఆస్తి, పెళ్లిలో ఇష్టం, పరదా అని ఐదు అంశాలు వరుసగా చదివాను. విన్నవాళ్లంతా మగవాళ్లే. ఆ కాగితాన్ని సాఫు రాసిచ్చింది మాత్రం మా చెల్లెలు.

అప్పుడు నేను ఖైరతాబాద్‌లో ఒక సర్కారు కచేరీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. నాన్న పోయాక పంజాగుట్టలోని మా రెండు గదుల ఇల్లు నా జీతం మీదే నడిచేది. పెన్సిలుతో ప్లాను వేయడం నాకు బాగానే వచ్చు. దాని మీద, కింది గీత కనిపించే ట్రేసింగ్ గుడ్డ పరిచి సిరాతో గీయడం మాత్రం నా చేతికి లొంగేది కాదు. మాది నేతపని ఇల్లు. చిన్నప్పటి నుంచి తెగిన పోగులు అతికిన వేళ్లు చెల్లెలివి. గురువారం సాయంత్రం ప్లాను చుట్టి ఆమె కోసం ఇంటికి తెచ్చేవాణ్ని, అప్పట్లో కచేరీలకు శుక్రవారం సెలవు కాబట్టి. కచేరీ కాగితం బయటికి వెళ్లిందని తెలిస్తే నౌకరీ ఉండదు. ఆమె మొదట గుడ్డ జిడ్డు పోయేలా సుద్దపొడి రుద్ది, ఆ తర్వాత సిరాతో గీసేది; సుద్ద రుద్దకపోతే సిరా పట్టదు. కింది మూలన గీసినవారి గడిలో నా పొడి అక్షరాలు కూడా తనే వేసేది, అచ్చం నా వాటంలో.

ఒక శుక్రవారం గుమాస్తాల ఇళ్ల ప్లాను తెచ్చాను. ఆడవాళ్లుండే జనానా వైపు గోడకు కిటికీలు ఉండకూడదని పైవాళ్ల ఆజ్ఞ. సాయంత్రం చూస్తే ఆ గోడలో, వంటింటి దగ్గర, ఎత్తు కొలతతో సహా ఒక కిటికీ ఉంది.

"ఇదేంది? నా ప్లాన్ల లేదు గదా."

"పొయ్యి పెట్టినవ్ గదా అన్నా. పొగ ఏడికి పోవాలె, నీ ఉపన్యాసం దిక్కా?"

లోపల అమ్మ దగ్గింది. మా వంటింటికీ కిటికీ లేదు.

గీకితే గుడ్డ పాడవుతుంది. ఇంకో గుడ్డ దొరికే రోజులు కావు.

"సాబ్ తిడితె నా పేరు చెప్పు," అంది చెల్లెలు. "మెచ్చుకుంటె సుత చెప్పు."

ఊరికే అన్న మాట కాదది. ఖైరతాబాద్‌లోనే ఒక ఆడపిల్లల బడికి డ్రాయింగు నేర్పే మనిషి కావాలి. ఇంజనీరెవరైనా ఆమె పని చూసి రెండు వాక్యాలు రాసిస్తే తీసుకుంటామన్నారు. వారమే గడువు.

"చెప్త," అన్నాను.

శనివారం మా కచేరీ ఇంజనీరు ఆ గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"గీ ఖిడ్కీ ఎవలు పెట్టిండ్రు?"

నేను కిటికీ పక్కన రాసిన ఎత్తు కొలత మీద వేలు పెట్టాను.

"ఎత్తుల ఉన్నది. బయటోనికి లోపల కనవడదు, పొగ సుత పోతది. మస్తు సోచాయించినవ్ భాయ్. నీ దిమాగేనా?"

"జీ సాబ్."

చెప్పకపోవడానికి కారణాలు ఇంటిదారిలో లెక్కపెట్టుకున్నాను. ఒకటి, నౌకరీ. రెండు, ముగ్గురి తిండి. మూడు, ఆయన నమ్మకపోవచ్చు. ఆ మెప్పు నాకు తియ్యగా ఉందన్న నాలుగోదాన్ని పంజాగుట్ట చేరేదాకా ఒప్పుకోలేదు.

చెల్లెలు గుమ్మంలోనే ఉంది.

"ఏమన్నడు?"

"మంచిగుందన్నడు."

"ఎవలు పెట్టిండ్రని అడగలే?"

నేను చెప్పులు విడిచి గోడవారగా సర్దాను.

"తిడితె చెప్పేటోనివి," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆడవాళ్ల పక్షమని చెప్పుకునే మగవాడు ఎన్ని అంశాలు చదివినా నాకిప్పుడు చెవికెక్కదు. అతని ఇంట్లో ఎవరి పని మీద ఎవరి పేరుందో చూడాలనిపిస్తుంది. నన్ను చూస్తే ఏం కనిపిస్తుందో నాకు తెలుసు.

బడివాళ్ల గడువు దాటిపోయింది. తర్వాతి శుక్రవారం కొత్త ప్లాను పరిచాను. ఆమె కాదంటే ఇల్లు గడవదు. ఇక నువ్వు గీయొద్దులే అనే ధైర్యం నాకు లేదు. గీతలన్నీ ఎప్పటిలాగే తీర్చింది. మూలన గడి మాత్రం ఖాళీగా వదిలి కలం నా ముందు పెట్టింది.

"గా పేరు నువ్వే రాసుకో అన్నా."

రాశాను. ఆ మూలకు సుద్ద రుద్దలేదని అప్పుడు తెలిసింది. సిరా పట్టక నా అక్షరాలు చుక్కలు చుక్కలుగా విడిపోయాయి.

సుద్దపొడి ఇమ్మన్నాను. ఇచ్చింది.