సూది కింద ఖాళీ

సూదక్క అంటే ఆ కంపెనీలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు మాత్రం ఆవిడ మెడలో వేలాడే గుర్తింపు కార్డుకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే వాల్వులకి నమూనా బొమ్మలు గీయడం ఆవిడ ఉద్యోగం. ఆ వాల్వు లోపల అగ్గిపుల్ల కన్నా కాస్త లావుగా, నున్నటి ఉక్కు సూది ఒకటి ఉంటుంది. అది లేస్తే డీజిల్ చిమ్ముతుంది, కూర్చుంటే ఆగుతుంది. వినడానికి ఇంతే. కానీ ఆ లేవడం, కూర్చోవడం రెప్పపాటు కూడా పట్టకుండా, బస్సు తుక్కులోకి వెళ్ళేదాకా విసుక్కోకుండా జరగాలి. మనలో ఎవరైనా అలా లేచి కూర్చోగలమా చెప్పండి.

ఇంట్లో ఇంకో సూది ఉంది. అది భర్తది. ఆయన టైలరు, వీధివైపు గదిలోనే కుట్టుమిషను. ఒకే ఇంట్లో రెండు సూదులు గుచ్చుకోకుండా ఎలా ఉన్నాయో అని చుట్టాలు వేళాకోళం చేసేవారు. గుచ్చుకునేది ఒక్క విషయంలోనే. సూదక్కకి ఖాళీ అంటే గిట్టదు. ఆవిడ సర్దిన డబ్బా ఊపితే చప్పుడు కాకూడదు. బస్సు వచ్చే నిమిషానికే స్టాపు చేరాలి, ముందే వెళ్ళి నిలబడడం ఆవిడ దృష్టిలో దండగ. అలమరలో గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఎంత బిగించి పెడుతుందంటే, ఎవరైనా ఇంటికొస్తే వాటిని విడదీయడానికి వేణ్ణీళ్ళు కాచాలి. ఆయనేమో ఏం కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలేస్తాడు.

"అంత గుడ్డ ఎవరికోసం?" అంటుంది ఆవిడ.

"ఉండనీవే" అంటాడు ఆయన. అక్కడితో ఆ రోజుకి సంసారం సుఖాంతం.

ఇప్పుడు ఆవిడ శత్రువు గురించి చెప్పాలి. సూది కూర్చునే చోటికి కింద, వాల్వు ముక్కు కొసన, ఆవగింజంత గుంట ఉంటుంది. ఆ గుంటలోంచే ఆరు సన్నటి రంధ్రాలు బయటికి తెరుచుకుంటాయి. సూది మూసుకున్నాక కూడా గుంటలో మిగిలిన డీజిల్ తీరిగ్గా బయటికి కారుతుంది. వేళ కాని వేళ కారిన ఆ చుక్క సరిగ్గా మండక నల్లపొగ అవుతుంది. బస్‌స్టాపులో ఆ పొగ మొహాన కొట్టినప్పుడల్లా అందరూ డ్రైవర్ని తిట్టుకుంటే, సూదక్క మాత్రం గుంటని తిట్టుకునేది.

ఏళ్ళ తరబడి ఆవిడ పరుల బొమ్మలకి మెరుగులు దిద్దింది. ఇన్నాళ్ళకి తనదే అని చెప్పుకోదగ్గ వాల్వు చేతికొచ్చింది. అసలు గుంటే లేని వాల్వు. సూది తిన్నగా వచ్చి రంధ్రాల మీదే కూర్చుంటుంది. ఖాళీ లేదు, చుక్క లేదు, పొగ లేదు. కనబడినవాళ్ళకల్లా ఈ మూడు ముక్కలూ అప్పజెప్పింది. వాళ్ళ విభాగం చీఫ్ సరేనన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు.

"నెలాఖరుకి బస్సు ఇంజన్లవాళ్ళు వస్తున్నారు. ఆలోగా పరీక్షలో నెగ్గితే మీ వాల్వే పెడదాం. లేదంటే బయటి డిజైను కొనేస్తాం. మీకు ట్యాంకు మూతల విభాగంలో ఖాళీ ఉందిలెండి."

ట్యాంకు మూతలు. పుట్టినింట్లో ఎవరైనా పోయారని విన్నా అంత నీరసం వచ్చేది కాదేమో. మూత గీయడం తప్పని ఎవరూ అనరు, కానీ మూతలో సూది ఉండదు కదా.

ఇక వాల్వుకి రంధ్రాలు పొడిచేది ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ సూదక్క వియ్యంకుడే. నిప్పురవ్వలతో ఉక్కుని తొలిచే యంత్రం ఆయన చేతిలో ఉండేది. రెండు వెంట్రుకలు పక్కపక్కన పెడితే ఎంతో, రంధ్రం అంత. ఈ ఇద్దరూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ సూది గొప్పా రంధ్రం గొప్పా అని వాదించుకుంటూ ఉండగా, ఆవిడ కూతురూ ఆయన కొడుకూ చప్పుడు చెయ్యకుండా ఒకళ్ళనొకళ్ళు ఇష్టపడి కూర్చున్నారు. పెళ్ళయ్యాక వాదనలు తగ్గలేదు, వరసలు మాత్రం కలిశాయి. ఆయన "చెల్లెమ్మా" అంటూ, ఈవిడ "అన్నయ్యగారూ" అంటూ మర్యాదగా దెబ్బలాడుకునేవారు.

కొత్త వాల్వుని మొదటిసారి పరీక్షకి ఎక్కించారు. దాని పద్ధతి ఇది. వాల్వుని ముక్కు కిందికి ఉండేలా గాజుపెట్టెలో బిగిస్తారు. కింద తెల్లకాగితం పరుస్తారు. మీట ఒక్కసారి లాగితే ఆరు రంధ్రాల్లోంచీ నూనె చిమ్మి, కాగితం మీద ఆరు రేకుల పువ్వు పడుతుంది. ఆరు రేకులూ సమానంగా ఉంటే ఇంజన్ సుఖంగా తిరుగుతుంది. పువ్వు పడింది. ఐదు రేకులు నిండుగా ఉన్నాయి. ఆరోది ఎలక కొరికినట్టుంది.

"ఆరో రంధ్రం సరిగా రాలేదు అన్నయ్యగారూ" అంది సూదక్క.

ఆయన భూతద్దంలో చూశాడు. రంధ్రం బాగానే ఉందన్నాడు. అయినా మాట తీసెయ్యలేక ఇంకో వాల్వుకి పొడిచాడు. ఈసారి రెండో రేకు పాడైంది. మూడోసారి ఐదోది. సూదక్క ఓర్పు అయిపోయింది. మధ్యాహ్నం భోజనాల గదిలో, పదిమందీ వింటుండగా, "కళ్ళజోడు మార్చుకోండి, లేకపోతే చెయ్యి మార్చుకోండి" అనేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. సరాసరి చీఫ్ గదిలోకి వెళ్ళి, తన సూదిలో దోషం లేదనీ, తప్పంతా రంధ్రాల్లోనే ఉందనీ చెప్పి వచ్చింది.

చీఫ్ విని, "అయితే ఆ పనికి వేరే మనిషిని పెడదాం. ఆయన్ని మూతలకి పంపుదాం" అన్నాడు.

వియ్యంకుడు ఆ మర్నాటి నుంచి వేరే బల్ల దగ్గర తిన్నాడు. ఆవిడ ఎదురుపడితే "మేడమ్‌గారూ" అనడం మొదలుపెట్టాడు. ఆ పిలుపు సూదక్కకి చెప్పులో రాయిలా ఉండేది, కానీ పట్టిన పట్టు వదిలే రకం కాదు. తప్పు రంధ్రానిదేనని ఆయన చేతే ఒప్పించాలనుకుంది. దానికి ఒక సులువైన ఉపాయం ఉంది. సూదిని బయటికి తీసి, సగం చుట్టు తిప్పి, మళ్ళీ పెట్టి నూనె కొట్టడం. తప్పు రంధ్రానిదైతే పాడైన రేకు ఉన్నచోటే ఉంటుంది. సూదిదైతే రేకు సూదితోపాటు అవతలి పక్కకి వెళుతుంది. ఇంత తేలికైన పని మొదటిరోజే ఎందుకు చెయ్యలేదంటే, అనుమానం లేనివాళ్ళకి పరీక్ష దేనికి?

ఆయన్ని పిలిపించింది. సూది తోక మీద ఎర్రచుక్క పెట్టింది. మొదట ఉన్నది ఉన్నట్టు కొట్టింది. పాడైన రేకు కిటికీ వైపు పడింది. సూదిని సగం చుట్టు తిప్పింది, కొత్త కాగితం పరిచింది, మీట లాగింది.

పాడైన రేకు తలుపు వైపు పడింది.

మళ్ళీ తిప్పింది. మళ్ళీ కిటికీ వైపుకి వచ్చేసింది. గాజుపెట్టె మీద సూదక్క మొహం ఆవిడకే కనిపించి, చూడలేక పక్కకి తిరిగింది. సూదిని సాన పట్టేవాళ్ళ తప్పూ కాదు. ఏ సూదైనా పిసరంత ఓ పక్కకి ఒరిగే ఉంటుంది, అంతకన్నా తిన్నగా ఎవరూ చెయ్యలేరు. పాత వాల్వులో ఆ ఒరుగు ఎవరికీ తెలిసేది కాదు. డీజిల్ ముందు గుంటలోకి దిగి, అక్కడ సర్దుకుని, ఆరు రంధ్రాల్లోకీ సమానంగా వెళ్ళేది. గుంట తీసేసరికి సూది ఒరిగిన పక్క రంధ్రానికి దారి మూసుకుపోయింది. ఆవిడ అన్నేళ్ళు తిట్టిన గుంట ఇంత పని చేస్తోందన్నమాట.

వియ్యంకుడు తలుపు వైపు రేకు పాడైన కాగితాన్ని ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నేనుంచుకుంటాను మేడమ్‌గారూ. మా ఆవిడకి చూపించాలి."

అప్పుడే చీఫ్ లోపలికొచ్చాడు. వెనకాల మరో నలుగురు. "ఏం, తేలిందా? రంధ్రాలాయన్ని ఎప్పుడు పంపమంటారు?"

సూదక్క గుంట లేని వాల్వు అని అంతమందికి చాటింది. ఆ మాట ఇప్పుడు మింగితే ముందున్నవి మూతలే. పక్కన నిలబడ్డ మనిషి మాత్రం నేల చూస్తున్నాడు, జేబులో కాగితం బయటికి తియ్యట్లేదు.

"తేలింది సార్" అంది. "రంధ్రాల్లో తప్పు లేదు. తప్పు గీతలో ఉంది. గీత నాది. పదిమందిలో ఈయన్ని అనరాని మాట అన్నాను, అదీ తప్పే."

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నెలాఖరు మాత్రం మారదండీ" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భర్త ఓ చొక్కా పక్కకుట్లు విప్పుతున్నాడు. నీలంగళ్ళ చొక్కా, ఎక్కడో చూసినట్టుంది.

"మీ అన్నయ్యగారిదే. పొట్ట పెరిగింది, బొత్తాలు పట్టట్లేదట. మధ్యాహ్నం వాళ్ళావిడ పంపింది."

"ఇప్పుడు కొత్త గుడ్డ ఎక్కడ దొరుకుతుంది ఆ రంగులో?"

"కొత్తదెందుకు? అప్పుడు లోపల వదిలానుగా. అందులో సగం విప్పితే చాలు, మిగతా సగం మళ్ళీసారికి."

సూదక్క ఆ చొక్కా చేతిలోకి తీసుకుని లోపలి మడత వేళ్ళతో తడిమింది. ఇన్నేళ్ళుగా దండగ అన్న గుడ్డ. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. దారేమిటో ఆవిడకి పరీక్ష బల్ల దగ్గరే తెలుసు, ఒప్పుకోవడానికే మనసు రాలేదు. గుంట పూర్తిగా తీసెయ్యకూడదు, పాతంత ఉంచకూడదు. సగమూ అక్కర్లేదు, డీజిల్ సర్దుకునేందుకు ఎంత కావాలో అంత వదిలితే చాలు.

కొత్త బొమ్మ తీసుకుని మర్నాడు ఆయన యంత్రం దగ్గరికి తనే వెళ్ళింది. గుంట మారితే రంధ్రాల వాలు మారాలి, అంటే పనంతా మొదటికి. ఆ సంగతి ఆవిడే చెప్పింది. ఆయన బొమ్మని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"గుంట పెట్టారే" అన్నాడు.

"పెట్టాను."

"వాలు ఇంకో పిసరు తగ్గిస్తే బాగుంటుంది మేడమ్‌గారూ." అని యంత్రం వైపు తిరిగాడు. సూదక్క వాదించకుండా తగ్గించింది. అది చూసి పక్క యంత్రం ఆయన, ఈవిడకి ఒంట్లో బాగుందా అని అడిగాడట.

నెలాఖరున ఇంజన్లవాళ్ళు వచ్చారు. వియ్యంకుడు నీలంగళ్ళ చొక్కాలో, బొత్తాలన్నీ పట్టించుకుని వచ్చి వెనకాల నిలబడ్డాడు. చీఫ్ మీట లాగాడు. కాగితం మీద ఆరు రేకులు పడ్డాయి. వచ్చినవాళ్ళలో ఒకాయన కొలబద్ద పెట్టి ఒక్కో రేకూ కొలిచి, చివరికి కొలబద్ద జేబులో పెట్టేసుకున్నాడు. ఇక మిగిలింది చుక్క. వాల్వు ముక్కు ఒకసారి తుడిచి, లోపల ఒత్తిడి నిలబెట్టి, కారుతుందేమో చూడాలి. దానికి సూదక్క ఎప్పుడూ భర్త కత్తిరించి పారేసిన తెల్లగుడ్డ ముక్కలే వాడుతుంది. కాసేపాగి కొత్త ముక్క తీసి ముక్కు కొసకి అద్దింది. తీసి వెలుతురులో చూసింది. అందరికీ చూపించింది. పొడిగా ఉంది.

"బస్సులకి ఇదే పెట్టండి" అన్నారు ఇంజన్లవాళ్ళు. చీఫ్ వాళ్ళని టీకి తీసుకెళ్ళాడు. మూతల ఊసు ఎవరూ ఎత్తలేదు.

గదిలో ఇద్దరే మిగిలారు. సూదక్క గుడ్డముక్క చేతిలోనే పట్టుకుని, ఎటో చూస్తూ అడిగింది.

"ఆ పాత కాగితం వదినగారికి చూపించారా అన్నయ్యగారూ?"

ఆయన పర్సులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మడతలు విప్పిన జాడ లేదు.

"చూపించే తీరాలనుకున్నాను. అంతమందిలో మీరే తప్పు ఒప్పుకున్నాక ఇంక నేను చూపించడానికి ఏం మిగిలింది, చెల్లెమ్మా?"

సూదక్క కళ్ళు తుడుచుకోవడానికి ఇంకేమీ దొరక్క చేతిలో ఉన్న ముక్కనే వాడింది. ఆ రోజు ఆ గుడ్డకి అంటిన తడి అదొక్కటే.