నల్ల కారుకు ఎండ పరీక్ష

షార్జాలో పదకొండేళ్లు కార్ల రంగుల పని చేసి తిరిగి వచ్చాక, జగిత్యాలలో ఒక ప్రైవేటు కార్ల వర్క్‌షాపులో పెయింట్ సెక్షన్ ఫోర్‌మన్‌గా చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. ఇప్పుడు చెప్పబోయేది అక్కడ నా రెండో వేసవిలో, ఉగాది వెళ్లిన మూడో వారంలో జరిగింది.

వర్క్‌షాపు యజమానిని అందరం సేటు అనేవాళ్లం. ఆయన కింద ఇంజన్ పనికి ఒక సెక్షన్, డెంటింగూ పెయింటూ కలిపి ఇంకొక సెక్షన్ ఉండేవి. రెండోది నాది. నా చేతి కింద సొట్టలు తీసే ఇద్దరు డెంటర్లు, ఒక పెయింటరు, ఇద్దరు వాషర్లు, అంటే బండ్లు కడిగి తుడిచేవాళ్లు పనిచేసేవారు. మా సెక్షన్ బండి గేటు దాటాలంటే డెలివరీ స్లిప్పు మీద నా సంతకం ఉండాలి. ఆ సంతకమంటే నాకు ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువే గర్వం ఉండేది. గల్ఫ్‌లో పెద్ద పెద్ద బండ్లకు చేయి పెట్టినవాణ్ని, నాకు తెలియని రంగు ఏముంటుందని.

అది ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతున్న కాలం. ఎల్లారెడ్డిపేట, ముస్తాబాద్ దిక్కున బోర్లు ఎండిపోయి మగవాళ్లు పాస్‌పోర్టులు చేతపట్టుకుని ఏజెంట్ల ఇళ్ల చుట్టూ తిరిగేవారు. సిరిసిల్లలో మగ్గాలు ఆగిపోయాయి. అక్కడి నుంచి ఏ కబురు వచ్చినా, ఎవరింట్లో ఎవరు ప్రాణం తీసుకున్నారోనని గుండె గుభేలుమనేది. కోరుట్లలో మా మేనమామ మాత్రం నేను కనబడ్డప్పుడల్లా ఎత్తిపొడిచేవాడు. “అందరు ఎక్కుతున్న బస్సుల నుంచి నువ్వు దిగుతివి గదరా!”

మా వాషర్లలో ఒకతను రాజేశం, సిరిసిల్ల మనిషి. నలభై అయిదు దాటి ఉంటాయి. పాతికేళ్లు మరమగ్గాల మీద పనిచేశాడు. మగ్గాలు బందయ్యాక మహారాష్ట్రలోని భీవండి మగ్గాలకు వెళ్లి, అక్కడి దూదిదుమ్ముకు దగ్గు పట్టుకుని తిరిగి వచ్చాడు. భార్య బీడీలు చుట్టేది. చేరి రెండు నెలలే అయింది, ఇంకా పర్మనెంట్ కాలేదు. ఈ పని పోతే మళ్లీ భీవండే గతి. అక్కడికి మళ్లీ పోతే ఆ దగ్గుతో మనిషి మిగలడని అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

కోరుట్ల నుంచి ఒక డాక్టరమ్మ నల్ల కారు మా దగ్గరికి వచ్చింది. వెనక తలుపు సొట్ట తీసి, రంగు వేసి, కడిగి ఒక రోజు షెడ్డులో నిలబెట్టాం. మర్నాడు పొద్దున ఆమె డ్రైవరు వచ్చాడు. నేను షెడ్డులోనే ట్యూబులైట్ల కింద బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, బాగుందనుకుని సంతకం పెట్టాను.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం డాక్టరమ్మ స్వయంగా బండి నడుపుకుంటూ వచ్చింది. సరిగ్గా నడి ఎండలో ఆపి, దిగి, బానెట్ వైపు వేలు చూపించింది. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సన్నటి గీతలు వలయాలు వలయాలుగా మెరుస్తున్నాయి. బానెట్ మీద, టాప్ మీద, తలుపుల మీద, ఎక్కడ చూస్తే అక్కడ. మా పనిలో వీటిని స్విర్ల్స్ అంటాం. నిజానికి గీతలు గుండ్రంగా ఉండవు. అడ్డదిడ్డంగా పడ్డ వేల గీతల్లో వెలుతురుకు ఎదురు తిరిగినవే కంటికి ఆనుతాయి కాబట్టి అలా కనిపిస్తాయి. తెల్ల బండి మీద ఎవరూ పట్టించుకోరు. నల్ల బండి మాత్రం దేన్నీ దాచదు. ట్యూబులైటు వెలుగు పరుచుకుని పడుతుంది కాబట్టి దాని కింద ఇవి కనిపించవు. ఈ సంగతి షార్జాలో మొదటి నెలలోనే నేర్చుకున్నాను. జగిత్యాలకు వచ్చి మరిచిపోయాను.

“నేను ఒక తలుపు బాగుచెయ్యమని ఇస్తే, మీరు బండంత పాడుజేసి ఇచ్చిన్రు,” అంది డాక్టరమ్మ. “శుక్రారం పగటీలి గిదే టైముకు వస్త. ఎట్లిచ్చిన్నో అట్ల ఉండాలె.”

సేటు అందరినీ వరసగా నిలబెట్టి ఎవరు తుడిచారని అడిగాడు. రాజేశం తనంతట తానే ముందుకు వచ్చి, జేబులోంచి మడిచి పెట్టుకున్న కోరా గుడ్డ తీసి చూపించాడు.

“కొత్త గుడ్డ సేటూ. మా మగ్గం మీద దిగిన ఆఖరి తానులది. డాక్టరమ్మ బండాయె, పాత పేలికతోని ఎట్ల తుడుస్తనని దాసుకున్నది తీసిన.”

ఆ గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాను. మగ్గం మీద పోగు తెగకుండా పట్టించిన గంజి అందులో అలాగే ఉంది. ఉతకని గుడ్డ, గరుకు కాగితంలా ఉంది. షెడ్డులో ఒక రోజంతా దుమ్ము పట్టిన బండిని నీళ్లు పోయకుండా దానితో ఒత్తి ఒత్తి తుడిచాడు. నేతపనివాడికి కొత్త గుడ్డకు మించిన మర్యాద లేదు. కారు రంగుకు మాత్రం వందసార్లు ఉతికిన పాత గుడ్డే మేలు. ఈ ముక్క అతనికి చెప్పాల్సినవాణ్ని నేను, చెప్పలేదు.

సేటు రాజేశాన్ని రేపటి నుంచి రావద్దన్నాడు. రాజేశం ఆ గుడ్డను మళ్లీ జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిజం చెబుతున్నాను, నేనూ ముందు లెక్కలేసుకున్నాను. అతని మీదకు నెట్టేస్తే నా పేరు చెక్కుచెదరదు. చివరికి సేటు గదిలోకి వెళ్లి, స్లిప్పు మీద సంతకం నాదనీ, ఎండలో చూడకుండా పాస్ చేశాననీ, పంపేదుంటే ముందు నన్ను పంపాలనీ చెప్పాను. సేటు నన్ను ఎగాదిగా చూశాడు.

“శుక్రారం ఆమె మెచ్చుకున్నదా, ఇద్దరుంటరు. లేకుంటె ఇద్దరు పోతరు. ఇగ మీ ఇష్టం.”

మాకు మిగిలింది రెండున్నర రోజులు. పాలిష్ అంటే చాలామంది గీతను పూడ్చడం అనుకుంటారు. కాదు. రంగు మీద క్లియర్ కోటు అని పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, కాగితం కన్నా పలచన. గీత ఎంత లోతుందో అంతమేరా చుట్టూ ఉన్న పొరను అరగదీసి సమం చేయాలి. ఎక్కువ అరిగితే కింద రంగు బయటపడుతుంది, అప్పుడు బండంతా మళ్లీ పెయింటు చేయాల్సిందే. అంచుల దగ్గర పొర ఇంకా పలచన కాబట్టి అంచులన్నిటికీ టేపు వేశాను. ముందు డిక్కీ మీద జానెడు జాగా ఎంచుకుని, మెషిన్‌కు ఉన్ని ప్యాడ్ తొడిగి, కాంపౌండు, అంటే పొరను అరగదీసే పేస్టు, పూసి తక్కువ వేగంతో పరీక్షించాను. మెషిన్ ఒకేచోట రెండు క్షణాలు ఆగితే పొర కాలుతుంది. అందుకే చేత్తో ముట్టి వేడి చూసుకుంటూ పోవాలి. రాజేశాన్ని బండి కడగడానికి, ప్యాడ్లు శుభ్రం చేయడానికి పెట్టుకున్నాను. వాడింది మాత్రం మా ఇంటి నుంచి తెచ్చిన పాత మెత్తటి ధోవతి ముక్కలు.

గురువారం మధ్యాహ్నానికి బండి మొత్తం అయింది. బయటికి తెచ్చి ఎండలో నిలబెట్టాం. గీత ఒక్కటి లేదు. డెంటర్లు చప్పట్లు కొట్టారు. సేటు కూడా తల ఊపాడు. నేను చేతులు కడుక్కోబోతుంటే రాజేశం బానెట్ పక్కన నడుము వంచి, చెంప దాదాపు రేకుకు ఆనేలా తల వాల్చి చూస్తున్నాడు.

“ఫోర్‌మన్ సాబ్, గీడ పోగు తప్పినట్టున్నది.”

నాకు మండిపోయింది. “నిన్నటిదాంక ఏ గుడ్డతోని తుడ్వాల్నో తెల్వనోనివి, ఇయ్యాల నాకు పని నేర్పుతవా?” అన్నాను అందరి ముందూ.

అతను జంకలేదు. “నేను పాతికేండ్లు గుడ్డ తాను పక్కకు వంగి సూసినోన్ని సాబ్. ఎదురుంగ సూస్తె తప్పు కనవడది. జర మీరు గూడ వంగున్రి.”

తిట్టుకుంటూనే వంగాను. మొదట ఏమీ కనిపించలేదు. అతను నా భుజం పట్టి ఇంకొంచెం కిందికి వంచాడు. అప్పుడు కనిపించింది. మెషిన్ తిరిగిన దారి వెంబడి పొగలాంటి మసక, వంకర టింకరగా. ఉన్ని ప్యాడ్ వదిలిన జాడ అది. అనుమానం వచ్చి స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఆ చోటు తుడిచాను. కాంపౌండులో నూనె ఉంటుంది. అది గీతల్లో నిండి వాటిని తాత్కాలికంగా కప్పేస్తుంది. స్పిరిట్‌తో నూనె తీసేస్తే అసలు రంగు బయటపడుతుంది. తుడవగానే అక్కడక్కడ పాత గీతలు కూడా పళ్లికిలించాయి. ఇంకో రెండు వారాల్లో, రెండు కడుగుళ్లలో, బండి మొత్తం ఇలాగే బయటపడేది. స్పిరిట్ తుడుపు తప్పనిసరి అని నాకు తెలుసు. గీతలు మాయమైన సంబరంలో వదిలేశాను.

అందరి ముందూ అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకున్నాను. “నీదే రైటు రాజేశమన్నా, తప్పు నాది,” అన్నాను. అతను ముసిముసిగా నవ్వి, “తాను కోసినంక తెల్సేదాని కన్న మగ్గం మీద తెల్సుడు నయం గద సాబ్,” అన్నాడు.

ఆ పూట పొద్దు వాలేదాకా, శుక్రవారం తెల్లారి నుంచి మళ్లీ, బండి మొత్తం తిరగతోడాం. గీతలు మిగిలినచోట మాత్రమే ఉన్ని ప్యాడ్, తర్వాత అంతటా స్పాంజి ప్యాడ్‌తో సన్నరకం పాలిష్. ఒక్కో పలక అయ్యాక నేను స్పిరిట్ తుడవాలి, రాజేశం వంగి చూడాలి. అతను “అయింది” అంటేనే పక్క పలకకు పోవాలి. ఎడమ ముందు తలుపును నాలుగుసార్లు తిప్పి పంపాడు. నా తల ప్రాణం తోకకు వచ్చింది. అయినా మళ్లీ మెషిన్ పట్టాను.

పన్నెండు దాటాక డాక్టరమ్మ వచ్చింది. బండిని అదే చోట, అదే ఎండలో పెట్టించాను. ఆమె నల్ల కళ్లద్దాలు తీసి, ముందు నుంచి చూసింది, వెనక నుంచి చూసింది. టాప్ చూడటానికి స్టూలు తెమ్మంది. తెచ్చాం. ఎక్కి చూసింది. సేటు చేతి రుమాలు పిండుతున్నాడు. బానెట్ మీద సూర్యుడు ఒక్కడే ఉన్నాడు, చుట్టూ చిక్కటి నలుపు. ఆమె స్టూలు దిగి నా వైపు తిరిగింది.

“ఫోర్‌మన్ గారూ, కొన్ననాడు సుత గింత నల్లగ లేకుండె!”

డెంటర్లు ఈలలు వేశారు. నేను సంతోషం పట్టలేక రాజేశం చేయి పట్టుకుని ఆమె ముందుకు లాక్కొచ్చాను. పాస్ చేసింది ఈయనేనని చెప్పాను. నా పదకొండేళ్ల గల్ఫ్ పనిలో అంత గెలిచినట్టు ఎన్నడూ అనిపించలేదు. ఆ సాయంత్రమే సేటు రాజేశాన్ని పర్మనెంట్ చేసి ఫైనల్ చెకింగ్‌లో పెట్టాడు. భీవండిలో అతనికి మునుపు పని ఇచ్చిన మేస్త్రీ తర్వాత రెండుసార్లు కబురు పంపాడు. రాజేశం పోలేదు. ఆ దసరాలోపే భార్యనూ పిల్లలనూ జగిత్యాలకు తెచ్చుకున్నాడు.

ఈ పనిలోకి రాదలచినవారికి ఆ మూడు రోజులు నాకు నేర్పిన రెండు విషయాలు చెబుతాను. ముదురు రంగు బండిని నీడలో పాస్ చేయకూడదు. పాలిష్ చేసిన మనిషే దాన్ని పాస్ చేయకూడదు, ఎందుకంటే అతని కంటికి తాను చేసిన పని కనిపిస్తుంది, మిగిలిపోయిన పని కనిపించదు. నేను రిటైరయ్యేదాకా, ఎంత తొందర ఉన్నా, ఏ నల్ల బండినీ ఒక్కణ్నే పాస్ చేయలేదు.