కిళ్ళీ అని చెప్పాను

ఇరవై ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఊళ్లో నన్ను నవ్వులోడు అంటారు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నాకున్న చదువల్లా నోరే. ఆ నోటితోనే తప్పు చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మా అక్క భర్త కోటయ్య బావ. అద్దంకి దగ్గర మిరప రైతు. గుండెలో వాల్వు చెడితే గుంటూరులో ఆపరేషన్ చేసి కొత్తది వేశారు. రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తున్నాం, దగ్గినప్పుడు చిన్న ఎర్రజీర కనబడినా వెంటనే చెప్పాలని డాక్టరు గారు నాకు రెండుసార్లు చెప్పారు. ఆసుపత్రిలో తోడున్నది నేనే.

ఆపరేషనైన ఆరో రోజు పొద్దున బావ దగ్గి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. తువ్వాలంతా ఎరుపు. ఇద్దరం చూశాం. మర్నాడు ఇంటికి పంపుతామన్నారు. ఊళ్లో కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, పైన మబ్బు.

"చెప్పావంటే ఇంకో వారం పడుకోబెడతార్రా బామ్మర్దీ. నోరు మూసుకో," అన్నాడు.

అప్పుడే నర్సు వచ్చింది. చిన్న పిల్ల, చీరాల వైపు పాస్టరు గారి అమ్మాయి.

"ఏంటండీ ఆ ఎరుపు?"

"కిళ్ళీ, సిస్టర్."

"మళ్ళీ తెచ్చారా? మొన్నే కదా లాక్కుని పారేశాను!"

"గుండెను బాగుచేశారు గానీ నోటిని చెయ్యలేదుగా. అది ఇంకా కిళ్ళీయే అడుగుతోంది."

ఆ అమ్మాయి నవ్వింది. నవ్వుకుంటూ వెళ్లిపోయింది. బావ నాకు కన్ను కొట్టాడు.

మధ్యాహ్నం అక్కా, మావాళ్లు ఎనిమిది మందీ జీపులో వచ్చారు. కాయల మీద పట్టాలు కప్పారా అని బావ అడుగుతున్నాడు. అడుగుతూనే దగ్గాడు. బోరు పైపు పగిలినట్టు నోట్లోంచి, ముక్కులోంచి రక్తం. మంచం, గోడ, అక్క చీర. ఊపిరి తీయబోతే ఆ రక్తమే లోపలికి పోతోంది. నర్సు పరిగెత్తుకొచ్చి ఆయన్ని పక్కకు తిప్పి, నోట్లో చెయ్యి పెట్టి గడ్డలు తోడింది. డాక్టరు గొంతులో గొట్టం దించితే అందులోంచీ రక్తమే తన్నుకొచ్చింది. బావ గోళ్లు నా మణికట్టులో దిగాయి. కాసేపటికి ఆ పట్టు వదిలిపోయింది, బావా పోయాడు.

మావాళ్లు అద్దాలు పగలగొట్టారు. పొద్దుటి తువ్వాలు అక్క చేతికి చిక్కింది.

"దీన్నెవరూ చూళ్ళేదా?" అని అరిచింది.

నర్సు నా వైపు చూసింది. "ఈయనే కిళ్ళీ అన్నారమ్మా."

కొట్టాను. చెంప మీద కాదు, ఆ మాట వచ్చిన నోటి మీద. "అబద్ధం! నేనెప్పుడన్నాను?" పన్ను ఊడి కింద పడింది. ఇక మావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. జుట్టు పట్టి ఈడ్చారు. ఎవరో ఆమె చెయ్యి తొక్కారు, ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఆ చేతి మీద బావ రక్తం ఇంకా ఆరలేదు.

రక్తం చూసి కూడా డాక్టరుకు చెప్పలేదని ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. తర్వాత ఏమైందో అడగలేదు. చీరాల బస్సు రోజూ మా ఊరి మీదుగానే పోతుంది. ఒక్కసారీ ఎక్కలేదు.

పొద్దున్నే నిజం చెబితే బావ బతికేవాడా? ఏమో. ఆ ప్రశ్నతో ఎలాగో బతకొచ్చు. కానీ ఆ దెబ్బ? దుఃఖంలో చెయ్యి జారిందని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను గానీ, ఎక్కడ కొడితే ఆమె మాట ఆగుతుందో నా చేతికి ఆ క్షణంలో స్పష్టంగా తెలుసు. అది దుఃఖమా?

ప్రతి తద్దినానికీ అక్క ఆ నర్సును తిడుతుంది. నేను విస్తరి ముందు కూర్చుని తలూపుతాను.

ఏంటండీ ఆ ఎరుపు, అని అడిగావు కదా.

రక్తం, సిస్టర్. ఆ రోజు ఆయన కిళ్ళీ వేసుకోలేదు.