పంపుకి కప్పిన బొంత

ఆ రోజుల్లో ఎవరేమడిగినా తల ఊపేసేదాన్ని. అమెరికాలో షాంటిలీ అనే ఊరికి కొత్తగా వచ్చాను. ఎదుటివాళ్ల ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది, మళ్లీ చెప్పమనడానికి మొహమాటం. అందుకని ముందు "యెస్" అనేసి, దేనికి యెస్ అన్నానో తరవాత తెలుసుకునేదాన్ని. (అలా మా ఇంటికి మూడు పత్రికలు వచ్చేవి, ఒకటి గుర్రాల పెంపకం గురించి.) నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. డ్రైవింగ్ రాదు. బందరులో రెండేళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి, ఎమ్మెస్సీ సర్టిఫికెట్ సూట్‌కేసు అడుగున పెట్టుకుని వచ్చినదాన్ని, మా ఆయన ఆఫీస్‌కి వెళ్లింది మొదలు సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయే కుక్కల్ని చూసేదాన్ని. నేను లేకపోతే ఎక్కడా ఏ పనీ ఆగదన్న సంగతి ఆ ఏడాదే తెలిసింది. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు రోజూ ఏడుపొచ్చేది.

పక్కింట్లో ఒక ముసలాయన ఒక్కరే ఉండేవారు. ఎప్పుడూ టోపీ తియ్యరు కాబట్టి మేం టోపీ తాతగారు అనుకునేవాళ్లం. ఆయన దగ్గర ప్రెషర్ వాషర్ ఉండేది. పెట్రోలు ఇంజన్, దాని కింద ఒక పంపు. అది నీళ్లని ఎంత జోరుగా చిమ్మేదంటే ఎన్నేళ్ల నాచైనా లేచిపోవాల్సిందే. వసంతం రాగానే మా చుట్టుపక్కల ఇళ్ల వెనక ఉండే చెక్క అరుగులు, డెక్‌లన్నీ ఆయనే కడిగేవారు. అదే ఆయన బతుకుతెరువు. ఆ నవంబరులో, చలికాలం ఫ్లోరిడాలో కూతురి దగ్గర గడపడానికి వెళ్తూ, తన షెడ్డు కారుతోందని ఆ వాషర్‌ని మా గరాజ్‌లో పెడతానన్నారు. అప్పుడే ఎవరిదో డెక్ కడిగి తెచ్చారు, ఇంకా తడిగానే ఉంది. బయట ఆయన్ని తీసుకెళ్లడానికొచ్చిన కూతురు హారన్ మీద హారన్ కొడుతోంది. "పంపులో నీళ్లుంటాయి. గడ్డకడితే పగిలిపోతుంది. చలి ముదరకముందే దాని సంగతి చూడాలి. ఎలాగో తెలుసు కదా?" అంటూ పక్కనే గులాబీ రంగు ద్రవం ఉన్న డబ్బా ఒకటి పెట్టారు. నాకు అందులో చలి అన్న ముక్కే అందింది, అయినా తల ఊపాను.

ఆ సాయంత్రం నా సంబరం చూడాలి. ఈ దేశంలో మొదటిసారి ఒక మనిషి నన్ను నమ్మి ఒక పని అప్పజెప్పాడు. మా అమ్మకి ఫోన్ కార్డు గీకి మరీ చెప్పాను. "జాగ్రత్తే, పరాయి సొమ్ము" అంది. డబ్బా మీద యాంటీఫ్రీజ్ అని ఉంది, కారులో పోసేది కాబోలని అలమరలో దాచేశాను. మా ఆయన్ని అడిగాను.

"ఏవండీ, దానికి చలి తగలకూడదట."

"గరాజ్‌లోనే ఉందిగా, ఇంకెక్కడి చలి? అంతగా భయమైతే ఏదన్నా కప్పు."

బందరులో పుట్టినవాళ్లకి చలంటే తెలిసిన మందు అదొక్కటే. కప్పాను. డిసెంబరులో మొదట ఒక దుప్పటి. తరవాత నా శాలువా. మంచు పడ్డాక అమ్మ పాత చీరలతో కుట్టిచ్చిన బొంత. ఆ పైన మా ఆయన మంకీ క్యాప్ తెచ్చి ఇంజన్‌కి తొడిగాను. (ఆయన ఆ చలికాలమంతా చెవులు పట్టుకుని తిరిగారు, టోపీ ఏమైందో నేను చెప్పలేదు.) రోజూ పొద్దున్నే వెళ్లి బొంత సర్ది వచ్చేదాన్ని. జనవరిలో ఒకరోజు గరాజ్‌లో వదిలేసిన బకెట్‌లో నీళ్లు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. చూశాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన నేను ఆ బకెట్‌ని కళ్లారా చూసి, లోపలికెళ్లి ఇంకో రగ్గు తెచ్చి కప్పాను.

ఏప్రిల్‌లో తాతగారు ఎండకి కమిలి వచ్చారు. ఒక్కొక్కటే విప్పుతూ రగ్గు, మంకీ క్యాప్, బొంత, శాలువా, దుప్పటి మడతపెట్టి నా చేతికిచ్చారు. నేను మెచ్చుకుంటారని నిలబడ్డాను. యంత్రాన్ని బయటికి లాగి, పైపు తగిలించి, తాడు గుంజారు. ఇంజన్ మోగింది. నీళ్లు మాత్రం పైపు చివర చిమ్మే గన్‌లోంచి కాకుండా పంపు పొట్టలోంచి కారాయి. ఇంజన్ ఆపి, కిందకి వంగి ఆ పగులు మీద వేలు పెట్టి చూశారు.

"నీళ్లు తీసి ఇది ఎక్కించలేదా?" అని అడిగారు, నాచేత అలమరలోంచి తెప్పించిన గులాబీ డబ్బా చూపించి.

ఈసారి తల అడ్డంగా ఊపాను. ఆయన కోప్పడలేదు. "దుప్పటి వేడి పుట్టించదమ్మా. ఉన్న వేడిని పోనివ్వదు, అంతే. దీనికి ఒంట్లో వేడెక్కడిది?" అన్నారు. సరిగ్గా ఆ వాక్యాన్నే రెండేళ్లు నేను పిల్లలకి నోట్సు చెప్పాను. తాతగారు మా వాకిట్లోనే నిలబడి, డెక్ కడిగించుకునేవాళ్లు ఒక్కొక్కరికే ఫోన్ చేసి, ఈ వారం రాలేనని, ఎప్పుడొస్తానో తెలియదని చెప్పుకున్నారు. కొత్త పంపు వచ్చేసరికి సగం ఇళ్లవాళ్లు వేరే మనుషుల్ని పెట్టుకున్నారు. చదువూ పోయింది, నమ్మకమూ పోయింది, నేను దేనికీ పనికిరానని తేలిపోయిందని బొంతలో మొహం పెట్టుకుని ఏడ్చాను.

అయినా ఆశ చావలేదు. మళ్లీ నవంబరు వచ్చేసరికి లైబ్రరీలో చదివి అంతా నేర్చుకున్నాను. గరాజ్‌లో చోటు ఖాళీ చేసి, పంపు గడ్డకట్టకుండా ఎక్కించే ఆ యాంటీఫ్రీజ్ డబ్బా కొని పెట్టుకుని ఎదురుచూశాను. తాతగారు వచ్చారు. చేతిలో చిన్న ముళ్లమొక్క ఉంది. "నేను తిరిగొచ్చేదాకా కాస్త చూస్తుంటావా? దీనికేం చెయ్యక్కర్లేదు" అన్నారు. యంత్రం కారులో ఉంది, ఆయనతో పాటే ఫ్లోరిడాకి వెళ్లిపోయింది. నేను తల ఊపి మొక్క అందుకున్నాను.

ఇన్నేళ్లకి మాకూ సొంత మెషీన్ ఉంది. మొదటి మంచుకి ముందే పైపు విప్పి, తాడు గుంజి పంపులో నీళ్లు తీసేసి, రెండో వైపునుంచి గులాబీ రంగు వచ్చేదాకా యాంటీఫ్రీజ్ ఎక్కిస్తాను. అంతా సక్రమంగా చేసి, ఆఖరున అమ్మ బొంత తెచ్చి కప్పుతాను. అది కప్పకుండా గరాజ్ లైటు ఆర్పడానికి నాకు చెయ్యి రాదు.

"దానికి చలెయ్యదే" అంటారు మా ఆయన ప్రతి ఏడూ.

"తెలుసండీ, నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్" అంటాను, బొంత అంచు సర్దుతూ.