ఆఖరి మనిషి వచ్చేదాకా కొట్టని టెంకాయ

పిల్లలూ, ఆ ఆదివారం మీరు అన్నిసార్లు ఫోన్ చేసినా నేను ఎత్తలేదని మీకు కోపం. ముసలి జేజికి ఏమైందోనని భయపడ్డామన్నారు. నాకేమీ కాలేదు. అలసిపోయానంతే. పరిగెత్తింది నా కూతురు మీ అత్త, కూర్చున్నచోటే కూలబడింది నేను. ఆ రోజు సంగతి ఫోన్లో చెప్పడానికి ఓపిక చాలదు, అందుకే తీరిగ్గా చెబుతున్నాను.

మీ అత్త పరుగు గురించి మీకు తెలిసింది కొంతే. గర్భసంచి ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ రోజూ నడవమంది. జమ్మలమడుగు బడికి బస్సెక్కేముందు, తెల్లవారుతూనే బైపాస్ రోడ్డు మీద నడిచి వచ్చేది. ఆ నడక ఎప్పుడు పరుగైందో నేను గమనించలేదు. చెప్పులు పోయి బూట్లు వచ్చాయి, చీర పోయి ప్యాంటు వచ్చింది. పాలు పోసే ఆమె ఒకరోజు చెంబు చేతికిస్తూ అడిగింది.

"ఏందమ్మా, మీ టీచరమ్మను ఎవరన్నా తరుముకుంటాండారా?"

"ఎవరూ తరమలేదమ్మా, డాక్టరమ్మ చెప్పిందంట."

"డాక్టరమ్మన్నా తరుముతాండాదేమో సూడు!"

నేను నవ్వాను. మీ మామ నవ్వలేకపోయాడు. కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో షిఫ్టు పని ఆయనది. అక్కడ తోటివాళ్ళు పొద్దున డ్యూటీ దిగి వస్తూ రోడ్డు మీద ఆమెను చూస్తారు, తర్వాత ఈయన దగ్గర ఎగతాళి చేస్తారు. ఆయన ఇంటికొచ్చి కంచం ముందు మూతి ముడుచుకుని కూర్చుంటాడు. నాకు అల్లుడే కాదు, తమ్ముడి కొడుకు కూడా. చిన్నప్పటి నుంచి ఆ మూతి నాకు తెలుసు.

పెద్ద పట్నంలో మారథాన్‌కు పేరిచ్చానని మీ అత్త చెప్పిన రోజు ఆ మూతి ఊడి కింద పడినంత పనైంది.

"నలభై రెండు కిలోమీటర్లా? ముద్దనూరు దాకా పోయి మళ్ళా తిరిగొచ్చేంత దూరం. దానికి బస్సులుండాయి గదా!"

"బస్సులో పోతే నా కాళ్ళు ఎంతవరకు పోతాయో తెలుస్తాదా?"

"తెలిసి ఏం చేస్తావు?"

ఆమె నా వైపు చూసింది. నేను మెల్లగా, "పోనీలే నాయినా. మళ్ళా ఈ వయసు రాదు" అన్నాను. అంతే, ఆ మాటతో భారం నా నెత్తిన పడింది. ఆమెకేమన్నా అయితే పొమ్మన్నది నేను. ఆపరేషన్ అయిన ఒళ్ళు. సగంలో ఆపి ఇంటికి తిరిగొచ్చినా వాళ్ళిద్దరి మధ్యా ఎప్పటికీ అదొక మాటగా మిగిలిపోతుంది.

ముద్దనూరు స్టేషన్‌కు ఆటో ఎక్కుతుంటే మీ మామ గడపలో నిలబడి అన్నాడు.

"పో. సగంలో పడిపోతే మాత్రం నాకు ఫోన్ చేయొద్దు."

"చెయ్యనులే" అంది ఆమె. బడిలో ఆమెతో పనిచేసే ఇంకో టీచరమ్మ తోడుగా వెళ్ళింది.

మన పక్కింటామె మీకు తెలుసు, కొడుకు కువైట్‌లో ఉన్న ఆమె. మిషన్ కుడుతుంది. ఇన్ని వేలమందిలో మనమ్మాయిని టీవీలో గుర్తుపట్టడం ఎట్లా అని ఆలోచించి, చామంతి రంగు టీషర్టు కొనిపించి, వీపు మీద అడ్డంగా వెడల్పాటి ఆకుపచ్చ పట్టీ కుట్టింది ఆమె. "ఆకాశంలో నుంచి చూసినా కనపడాల" అంది. మా ఇద్దరి తెలివికి మేమే మురిసిపోయాం.

ఆదివారం ఇంకా పూర్తిగా తెల్లవారకముందే టీవీ పెట్టాం. ఆటల చానల్ మన కేబుల్‌లో రాదు కదా, ఎట్లా అని ముందురోజంతా నాకు దిగులు. నొక్కితే వచ్చింది! అప్పుడే నైట్ షిఫ్టు దిగి, టిఫిన్ క్యారియర్ చేతిలో పట్టుకుని మీ మామ లోపలికి వచ్చాడు.

"నువ్వేనా అప్పా ఈ చానల్ ఏయించింది?" అని అడిగింది పక్కింటామె.

"క్రికెట్ కోసం."

"ఇప్పుడు క్రికెట్ యాడుండాది?"

"ఎప్పుడో ఒకప్పుడు వస్తాది" అని గోడ వైపు తిరిగి చొక్కా విప్పుకున్నాడు. లోపలికి పోయి పడుకోలేదు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు.

పరుగు మొదలైంది. పిల్లలూ, అది చూసి మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తెర నిండా చామంతి రంగే! పరిగెత్తే వాళ్ళందరికీ అదే రంగు టీషర్టు పంచిపెట్టారట. పైనుంచి హెలికాప్టర్‌లో చూపిస్తే కళ్ళంలో జొన్నలు ఆరబోసినట్టు ఉంది. అందులో మన గింజ ఏదో దేవుడికే తెలియాలి.

"పచ్చ పట్టీ కోసం సూడక్కా, పచ్చ పట్టీ!" అంటూ ఆమె టీవీకి ముక్కు ఆనించింది.

"పక్కకు జరుగు మే, నాకు నీ వీపే కనపడతాండాది."

కాసేపటికి ఆ జనం కనపడటం మానేశారు. కెమెరా ముందు పరిగెత్తే నలుగురైదుగురిని పట్టుకుని వదల్లేదు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకమ్మాయి ఆడవాళ్ళందరికంటే ముందు పోతోంది. రెండు గంటలకు పైగా ఆ అమ్మాయినే చూశాం. ఇంగ్లీషులో ఎవరో ఏదేదో చెబుతున్నారు, మాకు అర్థం కావడం లేదు.

"ఈ పిల్లకు అమ్మ లేదా ఏందక్కా, ఇంత సన్నగుండాది?"

"పరిగెత్తేవాళ్ళు అట్లే ఉంటారంట."

"ఉంటే ఉండనీలే. పాపం, దేశం గాని దేశం వచ్చింది. ఈ పిల్లే గెలవాల."

గెలిచింది. పక్కింటామె చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి రోడ్డు మీద వెల్లకిలా పడుకుంటే, "లెయ్ బేటీ, లేచి నీళ్ళు తాగు" అని టీవీకే చెప్పింది. నేను కూడా కాస్త సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. కానీ నా కళ్ళు ఆ అమ్మాయి వెనక ఉన్న ఖాళీ రోడ్డు మీదే ఉన్నాయి.

తర్వాత సినిమా ఆమెనెవరినో మైకు ముందు నిలబెట్టారు. ఆమె కూడా కొంత దూరం పరిగెత్తిందట.

"పౌడరు కూడా చెదరలేదు సూడు, యాడ పరిగెత్తిందో!" అంది పక్కింటామె.

దండలు వేశారు, చెక్కులు ఇచ్చారు, పాట వచ్చింది. అంతే. తెర మీద ఎప్పటిదో ఫుట్‌బాల్ ఆట మొదలైంది.

పక్కింటామె రిమోట్ తీసుకుని చానల్ మార్చి మళ్ళీ వచ్చింది. "అయిపోయిందంటనా? మనమ్మాయి ఇంకా రాలేదు గదా! ఇంకా జనం పరిగెత్తాండారని టీవీకి ఫోన్ చేసి చెప్పప్పా."

మీరైతే పరిగెత్తేవాళ్ళ నంబరు ఫోన్‌లో కొట్టి ఎవరు ఎక్కడున్నారో చూసేవాళ్ళమంటారు. ఆమె రొమ్ము మీద అంటించుకున్న ఆ నంబరు ఏదో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె ఫోన్‌కు చేస్తే స్విచ్చాఫ్ అని వస్తోంది.

ఉప్మా చేసి పెట్టాను. ఆకలి లేదన్నాడు. పడుకో నాయినా అంటే నిద్ర రావడం లేదన్నాడు. రాత్రంతా ప్లాంటులో నిలబడి వచ్చిన మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ స్టూలు దిగలేదు.

దేవుడి గూట్లో పొద్దున పెట్టిన టెంకాయ అట్లే ఉంది. "అదన్నా కొట్టక్కా, నువ్వు కూడా ఏమీ తినలేదు" అంది పక్కింటామె.

కొట్టలేదు. ఎందుకంటే మా పుట్టింటి పద్ధతి వేరు. పులివెందులలో ఉన్నప్పుడు శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామికి నడిచి వెళ్ళేవాళ్ళం, మా వీధి ఆడవాళ్ళందరం కలిసి. ఎవరు ముందు చేరితే వాళ్ళు టెంకాయ కొట్టేయడానికి లేదు. మెట్ల మీద కూర్చుని ఆఖరి మనిషి కోసం చూడాలి. ఆఖరి మనిషి ఎప్పుడూ మా పెద్దమ్మే. కాళ్ళు వాచి, పది అడుగులకొకసారి కూర్చుంటూ వచ్చేది. ముందు చేరిన వయసు పిల్లలం ఆకలికి ఓర్చుకోలేక విసుక్కునేవాళ్ళం. ఆమె రాగానే టెంకాయ పగిలేది, ఆమె చేతికే మొదటి ముక్క. మాకు తెలిసిన నడక అదే. అందుకే టీవీవాళ్ళు కూడా ఆఖరి మనిషి వచ్చేదాకా ఉంటారనుకున్నాను. మొదటి మనిషి రాగానే లేచి వెళ్ళిపోతారని నాకెట్లా తెలుస్తుంది?

ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. పక్కింటామె వాళ్ళింటికి పోయి పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చింది, మళ్ళీ పోయి దించి వచ్చింది. "గెలిచిన పిల్ల ఈపాటికి తిని నిద్ర కూడా పోయింటాది" అంది. ఆసుపత్రులు, తెల్ల దుప్పట్లు నా కళ్ళ ముందు తిరుగుతున్నాయి. మీ మామ నా వైపు చూడటం లేదు. చూసి ఒక మాటన్నా బాగుండేది.

అప్పుడు మోగింది, ఆయన ఫోనే. తెలియని నంబరు. తీసి చెవికి పెట్టుకున్నాడు. పక్కింటామె లాక్కుని స్పీకర్ నొక్కింది.

"పడిపోలేదు. అందుకే చేసినా" అంది మీ అత్త గొంతు.

"కాళ్ళెట్లుండాయి?" అన్నాడు మీ మామ.

"నావి కావనిపిస్తాండాది."

"ఏమన్నా తిన్నావా?"

"అరటిపండు. నువ్వు?"

"ఆ, తిన్నా."

"అబద్ధం! అబద్ధం!" అని అరిచింది పక్కింటామె. "ఉప్మా ఎండిపోయి అట్లే ఉండాది మే! నీ మొగుడు పొద్దున్నించి స్టూలు దిగలేదు!"

అవతల ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. చివర్లో రోడ్డు మీదికి బండ్లను వదిలారట. వెనకబడిన వాళ్ళను ఎక్కించుకునే బస్సు పక్కనే వచ్చి ఆగిందట. ఎక్కలేదు. ఫుట్‌పాత్ మీద, కూరగాయలు కొనే జనం మధ్యలో నడుస్తూ పరిగెత్తుతూ పోయింది. చేరేసరికి స్వాగతం కమాను విప్పుతున్నారు. ఖాళీ సీసాలు ఊడుస్తున్న ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చిందట. టైము దాటింది కాబట్టి మెడల్ లేదన్నారు. తన ఫోన్‌లో చార్జింగ్ లేక తోటి టీచరమ్మ ఫోన్ నుంచి చేసింది.

"మెడల్ లేకపోతే పోనీ" అన్నాడు మీ మామ. "రైలు ఎన్నింటికి దిగుతావో చెప్పు, బండి తీసుకొనొస్తా" అని పెట్టేశాడు.

అప్పుడు లేచి దేవుడి గూట్లో టెంకాయ తీసుకుని వాకిట్లో కొట్టాడు. ఒక చిప్ప పక్కింటామెకు ఇచ్చాడు. నాకొక ముక్క తీసి చేతిలో పెట్టాడు. తర్వాత ఆ ఎండిన ఉప్మా ముందుకు లాక్కుని, టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ మొత్తం తినేశాడు.

మీ అత్త మళ్ళీ వచ్చే ఏడాది కూడా పోతానంటోంది. ఈసారి నేను పొమ్మనలేదు, వద్దనలేదు. అది వాళ్ళిద్దరూ తేల్చుకోవాల్సిన మాట.

మీ ఫోన్ మోగింది ఆ తర్వాతే. మీరేనని తెలుసు. ఎత్తాలనే అనుకున్నాను, చెయ్యి లేవలేదు. నమలడానికి కూడా ఓపిక లేక, టెంకాయ ముక్క బుగ్గన పెట్టుకుని, కుర్చీలోనే కళ్ళు మూసుకున్నాను.