గోడ లేని ఇంటి నంబరు

నా చిన్నప్పుడు మా ఇంటికి గోడలు లేవు. మేం రాళ్లు కొట్టేవాళ్లం. ఇప్పుడు అద్దాల ఆఫీసులు నిలబడ్డ మాదాపూర్ వైపు గుట్టల్లో అమ్మా నాయనా పొద్దస్తమానం బండలు పగలగొట్టేవారు. ఆ రాయి పట్నంలో ఎవరెవరి మేడలకో గోడలయ్యేది. మాకు మాత్రం గడ్డి కప్పిన తడికల గుడిసె. తలచుకుంటే ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది.

రాయి తీసిన చోటల్లా గుంత. దాన్ని పూడ్చాలని గుత్తేదారుకు ఎన్నడూ తోచలేదు. జోరువాన పడితే గుంతలో దోమపురుగు కొట్టుకుపోతుందని, ఎండలు ముదిరితే నీళ్లతోపాటే చస్తుందని మా నాయనమ్మ చెప్పేది. ఆ ఏడు రెండూ జరగలేదు. వాన ఆగి ఆగి కురిసింది, నిలవ నీళ్ల మీద దోమలు ముసిరాయి. మా తమ్ముడికి చలిజ్వరం పట్టుకుంది. మాత్రలిస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. మూడోసారికి ప్లీహం ఉబ్బి కడుపులో బల్ల పెరిగి, వాడు లేచి నడవలేకపోయాడు.

అప్పుడే దోమల మందు కొట్టేవాళ్లు వచ్చారు. ఊరంతా కొట్టి, మా గుడిసెల దగ్గర ఆగిపోయారు. నాయనమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని ఎదురెళ్లి బతిమాలింది. వాళ్ల మేస్త్రీ పుస్తకం తిరగేసి, "దోమ వాలేది గోడ మీద, మందు గోడకు కొడ్తమవ్వా. నీకు గోడేది, నంబరేది? రేపటిదాంక ఊళ్లనే ఉంటం గని, గిక్కడ మాకేం పని లేదు" అన్నాడు.

నాయనమ్మ ఏడవలేదు. "సిగ్గులేదార మనకు? రాయి కొట్టేటోళ్లం, మనకు గోడ లేదంటడా వాడు!" అని మా నాయన మీద విరుచుకుపడింది. తెల్లారి ఎవర్నీ పనికి పోనివ్వలేదు. గుత్తేదారు మనిషి వచ్చి అరిస్తే, నాయనమ్మ సుత్తె చేత్తో పట్టుకుని వాడికి జవాబు చెప్పింది. గుట్ట కింద పడున్న రాయి తెచ్చి, మట్టి మెత్తి, తమ్ముడు పడుకునే వైపు నడుమెత్తు గోడ లేపారు. బడికి పోయేదాన్ని నేనొక్కదాన్నే కనుక, సున్నంతో నంబరు వెయ్యమని నన్ను పిలిచింది. ఏ నంబరని అడిగాను.

"నీకొచ్చిన పెద్ద నంబరు ఎయ్యి బిడ్డా" అంది. నాకు వంద దాకా వచ్చు. వంద వేశాను.

నాయనమ్మ మేస్త్రీని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. ఆ రోజే మా గుడిసెతోపాటు మిగతా అన్నిటికీ మందు కొట్టించాడు. తమ్ముడికే ఆలస్యమైంది. దసరా దాటకుండానే పోయాడు.

దోమకు పేదా గొప్పా తేడా లేదని ఎవరైనా అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. దోమకు లేదు, మందుకు ఉంది! మొన్న మా వీధిలోకి దోమల పొగ కొట్టే బండి వచ్చింది. పక్కన కడుతున్న మేడ పునాది గుంత నిండా నీళ్లు, ఒడ్డున కూలీల రేకుల గుడిసెలు. బండి మా ఇళ్ల వరకూ వచ్చి వెనక్కి తిరగబోయింది. అడ్డంగా నిలబడ్డాను. ఆ గుడిసెలు లిస్టులో లేవమ్మా అన్నాడు డ్రైవరు.

"నంబరు గావాల్నా? జర ఆగు" అన్నాను. ఇటుక ముక్క తీసుకుని, మొదటి రేకు మీద పెద్దగా వంద వేశాను. మళ్లీ వచ్చి బండి ముందు నిలబడ్డాను.