చేతి కత్తీ, నా నోటి దురదా

ఆ రోజుల్లో పెళ్ళిచూపులంటే అమ్మాయిని చూడటమే అనుకునేవాణ్ణి. ముందు వాళ్ళ నాన్న కత్తుల్ని చూడాలని అమెరికాలో ఈ చాండ్లర్ ఊరికి వచ్చాకే తెలిసింది. సంబంధం చెప్పిన అక్క (సొంత అక్క కాదు, మా అపార్ట్‌మెంట్లో కింది పోర్షన్ ఆవిడ) ముందే హెచ్చరించింది: "అంకుల్‌కి స్వీడన్, ఫిన్లాండ్ కత్తుల పిచ్చిరా. శాలరీ అడగడు, కత్తి గురించే అడుగుతాడు. ప్రిపేర్ అయి వెళ్ళు." అమ్మాయితో అప్పటికే ఫోన్లో మాట్లాడి, ఆ నవ్వు విని, పడిపోయి ఉన్నాను. అందుకని ఇంజినీరింగ్‌లో ఏ పరీక్షకీ చదవనంత శ్రద్ధగా నెట్లో కత్తుల గురించి చదివాను. చేత్తో చేసిందైతే పదును రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉండదట, పిడి మీద మనిషి చేతి జాడ తెలుస్తుందట. ఫ్యాక్టరీదైతే అచ్చు గుద్దినట్టుంటుందట. ఓస్ ఇంతేనా అనుకున్నాను.

వాళ్ళింటికి వెళ్ళగానే అంకుల్ మంచినీళ్ళయినా ఇవ్వకుండా రెండు కత్తులు తెచ్చి, ఒకటి నా చేతికివ్వబోయారు. "బల్ల మీద పెట్టండంకుల్. కత్తి చేతికిస్తే తగాదాలొస్తాయంటుంది మా నాయనమ్మ" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "పద్ధతి తెలిసిన కుర్రాడే" అని లోపలికి వినబడేలా అని, "ఒకటి హ్యాండ్‌మేడ్, ఒకటి ఫ్యాక్టరీది. ఏది ఏదో చెప్పు" అన్నారు.

మొదటిది గీత గీసినట్టుంది. రెండోదాని పిడి వంకర, బ్లేడు ఓ పక్కకి ఒరిగింది, జిగురు బయటికి కారి గడ్డకట్టింది. చదివిన పాఠం ప్రకారం రెండోదే చేతిది. కానీ మనిషన్నవాడు ఇంత వంకరగా చేస్తాడా? యంత్రానికి జబ్బు చేసుంటుంది. "ఇది ఫ్యాక్టరీదంకుల్" అని ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. "అదీ శుక్రవారం సాయంత్రం, ఇంటికెళ్ళే తొందరలో ఎవడో బిగించి పారేశాడు. దీంతో అరటిపండు కూడా తెగదు" అన్నాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అంకుల్ ఆ కత్తిని తీసుకుని చొక్కా అంచుతో తుడిచారు. "అది నేనే చేశాను. గరాజ్‌లో, వింటరంతా కూర్చుని" అన్నారు.

అయిపోయింది, ఇక కారు తాళాలు వెతుక్కోవడమే అనుకుంటుండగా అమ్మాయి కాఫీ ట్రేతో వచ్చింది. "నాన్నా, అమ్మా నేనూ ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాం. ఇతను చెప్పేశాడు. ఐ లైక్ హిమ్" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

పెళ్ళయితే అయింది గానీ, మామగారు మళ్ళీ నాకు ఏ కత్తీ చూపించలేదు. పుచ్చకాయ కోసేటప్పుడు కూడా నన్ను అవతలికి పొమ్మనేవారు. మొన్న నేనూ ముచ్చటపడి గరాజ్‌లో ఓ కత్తి చేశాను. జిగురు కారింది, బ్లేడు ఒరిగింది. అయినా ఎంత ముద్దొచ్చిందో. తీసుకెళ్ళి బల్ల మీద ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని, వెలుతురుకి పట్టి, అటూ ఇటూ తిప్పి తిప్పి చూశారు.

"ఫ్యాక్టరీది. శుక్రవారం సాయంత్రం బిగించింది" అన్నారు.

పెళ్ళిచూపులనాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని అదే మాట అన్న ఆ వెర్రి కుర్రాడు గుర్తొచ్చి, వాడి మీద జాలేసింది, నవ్వూ వచ్చింది. మామగారు కత్తిని తిరిగి బల్ల మీద పెట్టలేదు. నేరుగా నా చేతికందించారు.

"చేతికిస్తే తగాదా వస్తుంది మామయ్యా" అన్నాను.

"రానీ అల్లుడూ. ఎన్నేళ్ళ నుంచో దానికోసమే చూస్తున్నా."